అమ్మతో ఆ మాట అనండి

తమిళనాడులోని హోసూరు పారిశ్రామికవాడలో జపాన్ మాటలు వినబడటం ఇవాళ కొత్త కాదు. సిప్‌కాట్‌లో షిఫ్టుకు వెళ్లే కుర్రాడికి జపాన్ ఎక్కడుందో తెలియకపోయినా కైజెన్ అంటే కొంచెం కొంచెంగా మెరుగుపరచడమని తెలుసు, పోకయోకే అంటే పొరపాటు జరగనివ్వని ఏర్పాటని తెలుసు. సెయిరి, సెయిటన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకె అని పనిచోటును పద్ధతిగా ఉంచడం నేర్పే అయిదు మాటలు చాలా షాపుల్లో గోడల మీదే ఉంటాయి. ఈ చదువు ఊరికే రాలేదు. 1980లలో టీవీఎస్ సంస్థ సుజుకితో కలిసి ఇక్కడ మోటారు సైకిళ్లు చేసింది. అశోక్ లేలాండ్ తన హోసూరు ప్లాంటులో జపాన్ కంపెనీ హినో పరిజ్ఞానంతో ఇంజన్లు చేసింది. సుజుకితో పొత్తు 2001లో ముగిసింది. మరుసటి ఏడాదే టీవీఎస్ మోటార్‌కు నాణ్యతకు జపాన్ వాళ్లు ఇచ్చే డెమింగ్ ప్రైజు వచ్చింది. పనిముట్టును దాని చోట పెట్టడం, చిన్న లోపాన్నయినా పేరుపెట్టి చెప్పడం, పక్కవాడు చేసిన చిన్న మెరుగుదలను నలుగురిలో గుర్తించడం ఇలా ఒక తరం అలవాటు చేసుకుంది. జపాన్ నుంచి కార్ఖానాకు ఇంత తెచ్చుకున్న ఊరు ఇంటికి కూడా ఒకటి తెచ్చుకోవాలన్నది ఈ వ్యాసం వాదన. అది, కన్నతల్లికి కృతజ్ఞత చెప్పే తీరు. ప్రేమ మాటల్లో మనకంటే బిడియస్తులైన జపాన్ వాళ్లు తల్లికి కృతజ్ఞత చెప్పడానికి తమకు నప్పే దారి ఒకటి వేసుకున్నారు. ఆ దారి మన ఇళ్లకూ నప్పుతుంది. దానికి కావలసిన మాటలు మన తెలుగులో ముందునుంచే ఉన్నాయి.

ముందు ఈ నేల సంగతి. హోసూరు, కృష్ణగిరి, డెంకణీకోట, తళ్లి, బాగలూరు, బేరికె. వీటిని ఇక్కడివాళ్లు మొరసునాడులో భాగంగా చెప్పుకుంటారు. ఒకప్పుడు సేలం జిల్లా, తరవాత ధర్మపురి జిల్లా, 2004 ఫిబ్రవరి నుంచి కృష్ణగిరి జిల్లా. పటాల మీద గీతలు మారినా ఇళ్లలో తెలుగు మారలేదు. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు, సంతలో కన్నడం కలుపుతారు, ఉద్యోగానికి ఇంగ్లీషు నేర్చుకుంటారు. ఇన్ని భాషలు వచ్చిన బిడ్డ తల్లితో మాట్లాడేటప్పుడు ఏమంటాడు? ఆకలైతే అడుగుతాడు, కోపమొస్తే అరుస్తాడు, ఆలస్యమైతే ఫోను చేస్తాడు. ఆమె చేసినదానికి మాత్రం ఏమీ అనడు. బస్సులో జరిగి చోటిచ్చిన మనిషికి వెంటనే థ్యాంక్స్ చెప్తాడు. తెల్లారక ముందే లేచి క్యారేజీ కట్టిన మనిషికి చెప్పడు. ఇది ఈ ఊరి పిల్లల లోపం కాదు, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఇదే కథ. మే నెల రెండో ఆదివారం వస్తే మాత్రం ఫోన్ స్టేటస్‌లలో ఇంగ్లీషు అక్షరాల మధ్య అమ్మ ఫొటో కనబడుతుంది. అది ఊరంతా చూస్తుంది. ఆ ఫొటోలోని మనిషి చాలాసార్లు ఆ అక్షరాలను చదవలేదు.

జపాన్ వాళ్లు ఏం చేస్తారో చూద్దాం. ప్రేమిస్తున్నాను అని నేరుగా చెప్పే మాట ఆ భాషలోనూ ఉంది. ఐషితెరు. అయితే దాన్ని తల్లితో అనరు. భార్యాభర్తలే అరుదుగా అంటారు. చిన్నపిల్లలు దైసుకి అంటారు, అంటే చాలా ఇష్టం అని. పెద్దయ్యాక అదీ తగ్గిపోతుంది. మరి తల్లితో ఏమంటారు? ఒకాసాన్, ఇత్సుమో అరిగాతో అంటారు. అమ్మా, ఎప్పుడూ చేస్తున్నదానికి కృతజ్ఞతలు అని. మదర్స్ డే కార్డుల మీద ఎక్కువగా ఉండేది ఈ వాక్యమే. ఇంకొంచెం మనసు విప్పాలనుకుంటే చేసిన పని పేరు చెప్తారు. ఉన్దే కురెతే అరిగాతో, నన్ను కన్నందుకు. సొదతెతే కురెతే అరిగాతో, నన్ను పెంచినందుకు. మధ్యలో ఉన్న కురెతే అనే ముక్క ఆ పని నాకోసం జరిగిందని చెప్తుంది. పెంచావు అని ఊరుకోకుండా నాకోసం పెంచావు అనడం. ప్రేమ ఎంత అన్న కొలత ఆ వాక్యంలో లేదు. ఉన్నవి రెండే, చేసిన పనీ, అది ఎవరికోసం జరిగిందన్న ఎరుకా. సిగ్గరి మనుషులకు ఇంతకంటే సుళువైన దారి లేదు.

ఇక్కడే మన భాష వైపు చూడాలి. తెలుగులో కృతజ్ఞతకు ఇంటి మాట లేదని చాలామంది బాధపడతారు. కృతజ్ఞతలు, ధన్యవాదాలు సభల్లో మైకు ముందు పలికేవి, వంటింట్లో నోట రావు అంటారు. నిజమే. కానీ జపాన్ వాక్యానికి ప్రాణం పోస్తున్న ముక్క మన దగ్గరా ఉంది. వండింది అంటే పని జరిగిందని మాత్రమే. వండిపెట్టింది అంటే అది ఇంకొకరి కోసం జరిగిందని. కుట్టిపెట్టింది, రాసిపెట్టింది, చేసిపెట్టింది, అన్నిటిలోనూ ఇదే. తెలుగులో తల్లి పని గురించి మాట్లాడే ప్రతివాళ్లూ ఈ పెట్టు అన్న మాటను రోజుకు పదిసార్లు వాడుతూనే ఉంటారు. కాకపోతే ఎప్పుడూ ఆమె లేనప్పుడు, మూడోమనిషితో. మాయమ్మ చేసిపెట్టింది అని స్నేహితుడికి చెప్తాం. ఆ వాక్యాన్నే ఆమె వైపు తిప్పి, అమ్మా, చేసిపెట్టినావు అని ఆమె ముఖం చూసి అంటే చాలు, థ్యాంక్స్ అన్న ఇంగ్లీషు మాట అక్కర్లేదు.

ఒక పని దగ్గరగా చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. మంచు కురిసే మార్గశిర పుష్యమాసాల్లో హోసూరు సంతల్లోకి అనపకాయలు గుట్టలుగా వస్తాయి. ఆ కాలంలో ఇక్కడి ఇళ్లలో పితికిపప్పు లేకుండా గడవదు. కాయలు వొలిచి గింజలు తియ్యాలి. ఆ గింజలను రాత్రంతా నానబెట్టాలి. పొద్దున ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి జారుతుంది. నలుగురికి సరిపడా చారు కావాలంటే వందలకొద్దీ గింజలు ఇలా పితకాలి. నీళ్లలో నాని వేళ్ల కొసలు ముడతలు పడతాయి, అనపతోలు జిడ్డు గోళ్ల కింద చేరుతుంది. దానికి సాయం సంగటి కెలకాలి, అదీ బలం కావలసిన పనే. ఇంత చేసినదాన్ని తినేవాళ్లు ఫోను చూసుకుంటూ కొద్ది నిమిషాల్లో ముగించేస్తారు. ఐ లవ్ యూ మామ్ అన్న మాటలో ఈ గింజలు లేవు, ఈ వేళ్లు లేవు. అది ప్రపంచంలో ఏ తల్లికైనా పనికొచ్చే మాట, కనుక ఈ తల్లికి ప్రత్యేకంగా చెందదు. అమ్మా, చలిలో కూసోని ఇన్ని గింజలు పితికిపెడితివి, వేళ్లు నొయ్యలేదా అని అడిగితే అందులో అన్నీ ఉన్నాయి. చూశాను, లెక్కలోకి తీసుకున్నాను, నాకోసమని తెలుసు, నీ నొప్పి నాకు పట్టింది అని అది చెప్తుంది. పైగా హోసూరు మాటతీరులో చెప్తుంది.

జపాన్ వాళ్లు ఈ పని పేరు చెప్పే అలవాటును పెళ్లిలో ఒక తంతుగా చేసుకున్నారు. విందు ముగిసేముందు పెళ్లికూతురు లేచి నిలబడి తల్లిదండ్రులకు రాసిన ఉత్తరాన్ని అందరి ముందూ చదువుతుంది. దాన్ని హనాయొమె నొ తెగామి అంటారు. జ్వరం వచ్చిన రాత్రి ఎవరు మేలుకున్నారో, బడికి కట్టిచ్చిన ఒబెంతో డబ్బాలో ఏముండేదో, తాను విసుక్కున్నప్పుడు అమ్మ ఏమందో, ఇలాంటివి ఆ ఉత్తరాల్లో ఉంటాయి. కొందరు తాము పుట్టినప్పటి బరువుతో సమానంగా తూగే బొమ్మ ఎలుగుబంటిని చేయించి తల్లి చేతుల్లో పెడతారు. మన పెళ్లిళ్లలో దీనికి దగ్గరది అప్పగింతలు. అక్కడా కన్నీళ్లే, అక్కడా అందరూ ఉంటారు. కానీ మాట్లాడేది పెద్దవాళ్లు, అదీ వియ్యాలవారితో. మా పిల్లను మీ పిల్లలా చూసుకోండి అని అప్పగిస్తారు. ఆ పిల్లకు తన తల్లితో మాట్లాడే వంతు ఆ తంతులో ఎక్కడా లేదు. ఆమె ఏడుపే ఆమె మాట అని సరిపెట్టుకున్నాం. ఇన్ని వందల ఏళ్ల ఆచారంలో కూతురి నోటికి ఒక్క వాక్యం చోటు ఇవ్వకపోవడం నాకు పెద్ద వెలితిగా కనిపిస్తుంది. పెళ్లికొడుక్కయితే ఆ ఏడుపు చోటు కూడా లేదు. పెంచినందుకు అతను అమ్మకు ఏమీ చెప్పకుండానే సంసారంలోకి వెళ్లిపోతాడు.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిదీ బలమైనదీ ఇది. అమ్మకు థ్యాంక్స్ ఏమిటి, పరాయిదానిలా? కడుపులో ఉన్నది బయటికి చెప్పాలా? దీన్ని కొట్టిపారెయ్యలేం. సన్నిహితుల మధ్య మర్యాద మాటలు దూరాన్ని తెస్తాయన్నది నిజం. ఈ సంగతి జపాన్ వాళ్లకు మనకంటే బాగా తెలుసు. తకెయో దొయి అనే మానసిక వైద్యుడు 1971లో అమాయె గురించి రాసిన పుస్తకం ఆ దేశంలో పెద్ద చర్చ లేపింది. బిడ్డ తల్లి మీద వాలిపోయి, ఆమె కాదనదన్న ధీమాతో గారం పోవడమే అమాయె. పెద్దయ్యాక కూడా మనుషుల మధ్య ఆ చనువు కోసమే జపాన్ మనసు వెతుకుతుందని ఆయన వాదన. అలాంటి చనువును ఇంతగా మన్నించే సమాజం కూడా తల్లికి కృతజ్ఞత చెప్పడం మానలేదు. ఎందుకంటే దూరం పెంచేది మర్యాద మాట, చేసిన పనిని గుర్తించే మాట కాదు. ధన్యవాదాలు మాతృమూర్తీ అంటే ఏ అమ్మయినా బిత్తరపోతుంది. నిన్న నాకోసం రెండుసార్లు అన్నం వేడిచేసిపెట్టినావే అంటే ఎవరూ పరాయివాళ్లు కారు. ఇక కడుపులో ఉన్నది ఆమెకు తెలుసులే అన్న ధీమా సంగతి. ఆమెకు తెలుసో లేదో మనం ఎప్పుడూ అడగలేదు కదా.

ఇంకో సాక్ష్యం కూడా జపాన్ నుంచే ఉంది. యొషిమొతొ ఇషిన్ అనే ఆయన నారా ప్రాంతంలో నాయికాన్ అనే ఆత్మపరిశీలన పద్ధతిని రూపొందించారు. తరవాత అది అక్కడి జైళ్లలోకీ వెళ్లింది. మనిషి వారంపాటు మౌనంగా ఒక మూల కూర్చుని తన జీవితంలోని మనుషులను ఒక్కొక్కరినే తలచుకోవాలి. మామూలుగా మొదలుపెట్టేది తల్లితో. ఆమెనుంచి నేను ఏం పొందాను, ఆమెకు నేను తిరిగి ఏం చేశాను, ఆమెను నేను ఏం ఇబ్బంది పెట్టాను. ఈ మూడే ప్రశ్నలు. జవాబులు గాలిలో ఉండకూడదు, ఫలానా వయసులో ఫలానా పని అని చెప్పాలి. నేరం చేసి జైలుకు వచ్చినవాడినీ, ఇంట్లో బాగానే ఉన్నవాడినీ ఒకే ప్రశ్నల దగ్గర కూర్చోబెట్టడం నాకు ఈ పద్ధతిలో గొప్పగా తోచింది. అమ్మంటే నాకు ప్రాణం అని తేలిగ్గా అనగలిగే మనిషి రెండో ప్రశ్న దగ్గర నోరు కదపలేకపోవచ్చు. అందుకే ప్రేమ గురించి పెద్ద మాట కంటే పని గురించిన చిన్న మాటకు నిజాయితీ ఎక్కువ కావాలి.

రెండో అభ్యంతరం వ్యాపారం గురించి. మదర్స్ డే అమెరికా పండగ, పూలకొట్లవాళ్లూ కార్డులవాళ్లూ పెంచి పోషించినది అని. ఇందులో చాలా నిజం ఉంది. 1908లో అన్నా జార్విస్ తన తల్లి జ్ఞాపకంగా దీన్ని మొదలుపెట్టింది. 1914లో అది అమెరికా అంతటికీ అధికారిక దినం అయింది. ఆ తరవాత ఆవిడే ఈ వ్యాపారాన్ని చూసి రోసి దాని మీద పోరాడింది. జపాన్‌లోనూ 1937లో మొరినాగా మిఠాయి కంపెనీ దీనికి ఊపు తెచ్చింది, యుద్ధం తరవాత మే రెండో ఆదివారం స్థిరపడింది, ఎర్ర కార్నేషన్ పువ్వు ఆనవాయితీ అయింది. హోసూరుకు ఈ వ్యాపారం దూరంది కాదు, మన పొలాల్లోదే. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ చల్లని నేల మీద పాలీహౌస్‌లలో గులాబీలు పెరుగుతున్నాయి. తాజ్‌మహల్ అనే ఎర్ర గులాబీ ఫిబ్రవరి ప్రేమికుల దినానికి విదేశాలకు విమానమెక్కుతుంది. తెల్లారకముందే ఆ పూలు కోసేదీ, మొగ్గకు వల తొడిగేదీ, కాడ పొడవు చూసి వేరుచేసి ఇరవై ఇరవైగా కట్టేదీ ఎక్కువగా ఆడవాళ్లే, అందులో చాలామంది తల్లులే. ఎక్కడో ఎవరి ప్రేమకో పూలు కట్టిన ఆ చేతులకు ఇంట్లో ఒక మాట కరువు కావడం అన్యాయం. పువ్వు కొనాలని నేను అనడం లేదు. మే నెల దాకా ఆగాలని కూడా అనడం లేదు. వ్యాపారం వద్దనుకునేవాళ్లకు మాట ఉంది, దానికి ఖర్చు లేదు. జార్విస్ పోరాడింది కూడా పూలమీదా కార్డులమీదా తప్ప తల్లికి చెప్పే మాట మీద కాదు.

మూడో అభ్యంతరాన్ని ఆడవాళ్లే లేవనెత్తుతారు, వాళ్లది న్యాయమైన కోపం. అమ్మను దేవతను చేసి పొగిడి, ఆ పొగడ్తతోనే ఆమెను వంటింట్లో కట్టేస్తారు, కృతజ్ఞత కూడా అలాంటి తాడే కదా అని. పొగడ్త విషయంలో ఇది అక్షరాలా నిజం. త్యాగమూర్తి అన్న బిరుదు ఇచ్చాక ఆమె అలసిపోయే హక్కు పోతుంది. కానీ పని పేరు పెట్టి చెప్పడం దానికి తలకిందులు. దేవతకు వేళ్లు నొయ్యవు, మనిషికి నొస్తాయి. నొస్తున్నాయని నోటితో ఒప్పుకున్న కొడుకు మరుసటి రోజు గింజల గిన్నె ముందు కూర్చోకుండా తప్పించుకోవడం కష్టం. నాయికాన్ మూడో ప్రశ్న బలం ఇదే, నేను ఆమెను ఏం ఇబ్బంది పెట్టాను అని అడిగినవాడు మామూలుగా ఉండలేడు. జపాన్‌ను ఈ విషయంలో ఆదర్శంగా చూపడం లేదు. ఇంటిపనిలో అక్కడి మగవాళ్ల వాటా కూడా తక్కువే, మాట చెప్పి చెయ్యి కలపని ఇళ్లు అక్కడా ఎక్కువే. హోసూరు కార్ఖానాలో లోపాన్ని గుర్తించి రాశాక దాన్ని సరిచెయ్యకుండా వదలరు. ఆ పద్ధతి తెలిసిన మగవాళ్లు ఇంటికి వచ్చి కృతజ్ఞత చెప్పి చేతులు దులుపుకుంటే అది సగం పనే.

మిగిలింది భాష. ఏ భాషలో చెప్తేనేం, మనసు ముఖ్యం అంటారు. తల్లికి అర్థమయ్యే భాష ఏదైనా సరే, అందులో తగవు లేదు. ఇక్కడ తమిళంలో పెరిగిన తెలుగు తల్లులు ఉన్నారు, వాళ్లతో తమిళంలో అనడం సహజం. కానీ ఇంట్లో తెలుగే మాట్లాడే తల్లికి, తెలుగులోనే తిట్టి, తెలుగులోనే గారం పోయిన బిడ్డ, కృతజ్ఞత దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషులోకి జారుకోవడంలో ఒక తప్పించుకోవడం ఉంది. పరభాషలో మాట బరువు తెలియదు కనుక తేలిగ్గా అనేస్తాం. తన భాషలో విన్నప్పుడే ఆమెకు అది తనకు చెప్పిన మాట అవుతుంది. దీనికి అడ్డు ఒకటి ఉంది, అది పిల్లల తప్పు కాదు. 2006లో తమిళనాడు తెచ్చిన చట్టం ప్రకారం తమిళం ఒకటో తరగతి నుంచి మొదలై ఏడాదికో తరగతి చొప్పున పైకి వచ్చి, 2015-16 నాటికి పదో తరగతికి తప్పనిసరి భాష అయింది. మైనారిటీ భాషలవాళ్లు కోర్టుకెళ్లి పరీక్షల్లో మినహాయింపులు తెచ్చుకోవలసి వచ్చింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం మంచిదే, అవసరం కూడా. కానీ ఆ ఒత్తిడిలో తెలుగు చదవడం రాయడం తగ్గిన పిల్లలు ఇక్కడ పెరుగుతున్నారు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చెయ్యాలని రాజ్యాంగం 350ఏ అధికరణం 1956 నుంచీ చెప్తూనే ఉంది. 2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీ కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసినప్పుడు ఇక్కడివాళ్లు పొంగిపోయారు. పొంగిపోవాల్సిందే. పార్లమెంటులో వినబడిన తెలుగు హోసూరు వంటింట్లో కూడా బతకాలి, అక్కడ దాన్ని బతికిస్తున్నది తల్లులే.

కనుక హోసూరు, కృష్ణగిరి పిల్లలకూ, ఇక్కడినుంచి బెంగళూరుకో టోక్యోకో వెళ్లినవాళ్లకూ ఒక విన్నపం. ఈ వారం అమ్మ మీకోసం చేసిన ఒక్క పనిని గుర్తుపెట్టుకోండి. దాని పేరు చెప్పి, చేసిపెట్టినావు అని ఆమెతోనే అనండి, మీ ఇంటి యాసలోనే. రాయగలిగితే నాలుగు వాక్యాలు కాగితం మీద రాసివ్వండి. తెలుగు అక్షరాలు రానివాళ్లు తమిళ లిపిలోనైనా రాయండి, లేదా ఫోన్‌లో మీ గొంతు రికార్డు చేసి పంపండి. తరవాత ఆ గిన్నె ముందు మీరూ కూర్చోండి. పెళ్లి కుదిరిన ఇళ్లవాళ్లు అప్పగింతల్లో అమ్మాయికీ, అబ్బాయికీ రెండు నిమిషాలు ఇవ్వండి. పురోహితుడు కాదనడు, ముహూర్తం దాటిపోదు.